మూడు గదులూ ఒకే మట్టం

మార్చి 3

అన్నయ్యకు,

నీకు ఉత్తరం రాసి ఎన్నాళ్ళయిందో నేను లెక్కపెట్టలేదు, నువ్వూ పెట్టకు. ఫోనులో మాట్లాడదామంటే నీతో కుదరదు. రాళ్ళు కోసే మిషను నీ చెవుల్ని ఎత్తుకుపోయాక, నేను "నేల" అంటే నువ్వు "వేళ" అని విని టైమెంతో చెప్తున్నావు. అందుకే కాగితం.

ఇంట్లో నేల మార్పించాలి. మేం కొన్ననాటికే ఇది పాత ఇల్లు. నువ్వు వచ్చింది ఒక్కసారే కాబట్టి మళ్ళీ చెప్తాను. ముందుగదిలో చెక్కపలకలు. కొన్ని అంచులు పైకి లేచాయి. నడవలో సిమెంటు, నిండా పగుళ్ళు. పడగ్గదిలో బండలు, అవి నడవకన్నా రెండు వేళ్ళు లోతు. మూడు గదులకి మూడు నేలలు, ఒకదాని మాట ఇంకోటి వినదు.

మీ బావకి పక్షవాతం వచ్చి ఐదు నెలలు. ఎడమ చెయ్యి కాస్త దారికొచ్చింది, కాలు మాత్రం ఇంకా అలిగే ఉంది. వారానికి రెండుసార్లు వ్యాయామం చేయించడానికి ఒకమ్మాయి వస్తుంది. ఇంకో మూణ్ణెల్లలో కర్రసాయంతో నడిపిస్తానంటోంది. మొన్న మేమిద్దరం ఆయన్ని లేపి నాలుగడుగులు వేయించబోతే, బొటనవేలు పలక అంచుకి తగిలి ముగ్గురం ఒకరిమీద ఒకరు పడ్డాం. దెబ్బలేం తగల్లేదు. ముప్పై ఏళ్ళు బస్సు తోలిన మనిషి కదా, కింద పడుండే "స్టాపు రాకుండానే దిగారేం" అన్నారు. నవ్వుతూనే లేచాం.

కాలు జారకూడదు, వేలు తట్టుకోకూడదు. అలాంటి నేల ఏదో చెప్పు. పొద్దున్నుంచి ఆసుపత్రి లాండ్రీలో నిలబడి దుప్పట్లు మడతపెట్టి వచ్చేసరికి నాకు ఆలోచించే శక్తి మిగలడం లేదు.

ఒక్క మాట. నీ ఉత్తరాలు పక్కింటావిడ తెచ్చి ఆయన చేతికిస్తుంది. సాయంత్రం నేను కాళ్ళు చాపుకుని కూర్చున్నాక నీ గొంతు పెట్టి ఆయనే పైకి చదువుతారు. రోజంతా ఆయనకి ఉన్న కాలక్షేపం అదొక్కటే. కాస్త నవ్వొచ్చేట్టు రాయి.

వదినని అడిగానని చెప్పు.

నీ చెల్లెలు

మార్చి 12

అమ్మడూ,

నవ్వొచ్చేట్టు రాయమన్నావు. నా మోకాళ్ళ సంగతి రాస్తే చాలు, బావ నవ్వుతాడు. కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను. మీ వదిన నన్ను మడత మంచం అంటోంది.

ఇక పని. ముందు బజారుకెళ్ళి రంగులు చూసుకోకు. పాత ఇంట్లో నేల వేయడమంటే రోగిని చూడకుండా మందు రాయడం కాదు. రెండు పరీక్షలున్నాయి. ఒకటి, పిల్లలాడుకునే గోళీ ఒకటి తెచ్చి ప్రతి గది మధ్యలోనూ వదులు. ఎటు పరుగెడితే అటు వాలు. రెండోది, జానెడు ప్లాస్టిక్ కాగితం పరిచి నాలుగు అంచులా టేపు వేసి మూడు రోజులు ముట్టుకోకు. ఎత్తి చూస్తే లోపల చెమట పట్టిందంటే నేల తడి పీలుస్తోందన్నమాట. తడినేలమీద ఏం పరిచినా ఏడాది తిరక్కుండా లేచి నీ మొహం చూస్తుంది.

నేను చెప్పేది ఇదీ. ముందుగదిలో పలకలు తీయకు. ఇప్పుడంత చెక్క దొరకదు. మేకులు దింపి చిత్రిక పట్టిస్తే ఇంకో నలభై ఏళ్ళు నిన్నూ బావనీ మోస్తుంది. నడవకీ పడగ్గదికీ గరుకు టైలు. రెండు గుమ్మాల దగ్గరా ఇత్తడి పట్టీ. చెక్క వానకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది, దానికి కాస్త చోటు వదలాలి. ఆ చోటుని కప్పేదే పట్టీ. పడగ్గదిలో లోతు ఉన్నది ఉన్నట్టే ఉండనీ, అలవాటైన మెట్టే కదా. నడవ గోడకి చేతికమ్మీ ఒకటి పెట్టిద్దాం. బావ దాన్ని పట్టుకుని గుమ్మందాకా నడిచి వచ్చి నన్ను తిట్టాలి.

బొమ్మ గీసి పంపుతున్నాను. మూడు రాత్రులు కూర్చుని గీశాను, నూనె మరకలు పట్టించకు.

చెవిటి అన్న

ఏప్రిల్ 2

అన్నయ్యకు,

బొమ్మ అందింది. ఆయన గోడకి అంటించమంటే అంటించాను.

గోళీ ముందుగదిలో కిటికీ వైపు పరుగెత్తింది. పడగ్గదిలో స్నానాలగది గోడ దగ్గరికి పోయి ఆగింది. అక్కడే ప్లాస్టిక్ కింద నీళ్ళు బొట్లుబొట్లుగా కనిపించాయి.

ఇప్పుడు నేను చెప్పేది విను. పట్టీలు వద్దు. మెట్టూ వద్దు. మూడు గదులూ ఒకే మట్టానికి రావాలి, మధ్యలో గోరంత ఎత్తు కూడా ఉండకూడదు. పడగ్గది గుమ్మం కొలిచాను, ఇరవై ఐదు అంగుళాలుంది. దాన్ని ముప్పైకి పెంచాలంటే ఎంత పని? గరుకు టైలు కూడా మరీ గరుకుది వద్దు, మామూలుది చాలు.

ఎందుకని అడక్కు. నాకు అలా కావాలి.

గత వారం డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాం. చూశారు. వ్యాయామం మానొద్దన్నారు. లాండ్రీలో ఒక మిషను చెడిపోయింది. రెండు మిషన్ల పని ఒకదానిమీద, ఇద్దరి పని నామీద.

చెల్లెలు

ఏప్రిల్ 10

అమ్మడూ,

గుమ్మం ఎందుకు పెంచడం? ఐరావతాన్నేమైనా తెస్తున్నారా? నేల గురించి అడిగి గోడ కొట్టమంటున్నావు. ఎవరో బజారు కొట్టువాడు నిన్ను కూర్చోబెట్టి, ఇల్లంతా అద్దంలా ఒకే పలక అని బొమ్మల పుస్తకం చూపించి ఉంటాడు. ఇప్పుడదే ఫ్యాషన్. అమ్మడూ, అది కొత్త ఇళ్ళకి. పాత ఇంటికి పాత ఇంటి మర్యాద ఉంటుంది. పట్టీ లేకుండా చెక్కనీ టైలునీ కలిపితే ఒక వానాకాలం చాలు, రెండూ కొట్టుకుంటాయి. నేల విడిచి సాము చేయకు.

గరుకు టైలు ఎందుకు వద్దన్నావో కూడా తెలియడం లేదు. కర్ర పట్టుకుని నడిచేవాడికి నునుపు ప్రాణం మీదికి తెస్తుంది. మొదట జారకూడదన్నది నువ్వే.

చేతికమ్మీకి కావలసిన ఇనుప కొక్కేలు ఎనిమిది పార్సెల్లో పంపాను, మా పాత సామాన్ల పెట్టెలోవి. బావ మోచేతికి సరిపోయే ఎత్తులో బిగించు. కర్ర చివర తొడిగే రబ్బరు బుడిపెలు కూడా రెండు పెట్టాను. అరిగిపోతే చెప్పు, ఇంకా ఉన్నాయి.

పడగ్గది తడి సంగతి, స్నానాలగది గొట్టం ఎక్కడో కారుతోంది. ముందు అది చూపించు.

అన్న

ఏప్రిల్ 25

అన్నయ్యకు,

పార్సెలు అందింది. కొక్కేలు బిగించాం. బాగున్నాయి.

పక్కవీధిలో ఒక మేస్త్రీ ఉన్నాడు. వచ్చి చూసి, మూడు గదులూ తవ్వి ఒకే టైలు ఒకే మట్టంలో వేస్తానన్నాడు, వారం చాలన్నాడు. ఎందుకూ ఏమిటీ అని ఒక్క ప్రశ్న వేయలేదు. అతనికే ఇచ్చేద్దామనుకుంటున్నాను. పలకలు తీసేస్తే తీసేశాడు. నువ్వు ఇంక శ్రమపడకు. నీ మోకాళ్ళతో నువ్వు రానూ అక్కర్లేదు, మూడేసి రాత్రులు బొమ్మలూ గీయక్కర్లేదు.

రాయడానికి ఇంకేం లేదు.

చెల్లెలు

మే 1

చెల్లెలికి,

సరే. మేస్త్రీ వారమన్నాడు కదా, అలాగే కానివ్వు.

నలభై ఏళ్ళు మోకాళ్ళ మీద బతికినవాణ్ణి. ఊళ్ళో సగం మంది నేను పరిచిన నేలమీద నడుస్తున్నారు. అడిగితే నాలుగు మాటలు చెప్పాను. తోబుట్టువుకి పనికిరాని పనితనం ఎవరికి పనికొస్తేనేం. ప్రశ్న వేసేవాడికన్నా తల ఊపేవాడు ముద్దొచ్చాడు, అంతేగా. అడుసు తొక్కనేల, కాలు కడగనేల.

తడి ఆరకుండా వేస్తే మాత్రం లేస్తుంది. లేచాక నాకు రాయకు.

అన్న

మే 7

బావకు,

చేతిరాత చూసి కంగారు పడకు, చచ్చిపోలేదు. కుడిచేయి మనదే. ఈ కాగితం పక్కింటావిడ చేత పోస్టు చేయిస్తున్నాను. మీ చెల్లెలికి తెలియదు.

నీ మే ఒకటో తారీకు ఉత్తరం ఆమెకి చదివి వినిపించాను. అయితే నువ్వు రాసింది కాదు. కాగితం చేత్తో పట్టుకుని, "నీ ఇష్టమే నా ఇష్టం తల్లీ, నువ్వు అలిసిపోయావు, విశ్రాంతి తీసుకో" అని నోటికొచ్చింది చదివాను. ఆమె పైటచెంగు మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. నీ నోటి దురుసుకి నేను కప్పిన పట్టీ అనుకో.

ఇప్పుడు అసలు సంగతి. మార్చి నెలాఖర్లో డాక్టరు నన్ను బయట బల్లమీద కూర్చోబెట్టి, ఆమెని ఒక్కదాన్నే లోపలికి పిలిచాడు. ఆ గది తలుపు సరిగా పడదు. కాలు ఇక తిరిగి రాదని, నిలబెట్టే ప్రయత్నం చేయొద్దని, మంచంమీద ఉంచేయకుండా చక్రాల కుర్చీకి అలవాటు చేయమని చెప్పాడు. అంతా విన్నాను. ఆమె బయటికొచ్చి, "బాగానే ఉందన్నారు, వ్యాయామం మానొద్దన్నారు" అంది. నేను "మంచిది" అన్నాను. రిక్షా ఎక్కి ఇంటికొచ్చాం.

అప్పట్నుంచి నాకు తెలియదని ఆమె, తెలిసిందని ఆమెకి తెలియకూడదని నేను. వ్యాయామం అమ్మాయి వస్తోంది, ఇప్పుడు చేతికే చేయిస్తోంది. కాలి మాట ముగ్గురం ఎత్తం. ఒకరోజు పెన్ను కోసం ఆమె సంచీ వెతికితే ఒక చీటీ దొరికింది. కుర్చీ వెడల్పు ఇరవై ఆరు అని ఆమె చేతిరాత. గుమ్మం ఇరవై ఐదు. నువ్వు ఐరావతం అన్నది నన్నే, బావా.

నీకు ఎందుకు చెప్పలేదంటే, నీ ఉత్తరాలు చదివేది నేను. నువ్వు దాచలేవు, కాగితం మీదే ఏడుస్తావు. నీ కొక్కేలు బిగించలేదు. మంచం కింద చాపలో చుట్టి ఉన్నాయి. నీ ఉత్తరంలో "బావ నడిచి వచ్చి" అన్న మాట వచ్చినప్పుడల్లా నేను కాస్త గట్టిగా చదవాలి, ఆమె ముక్కు చీదేది నాకు వినబడనట్టు.

ఆమె చాలా అలిసిపోయింది. తినేటప్పుడు కూడా చేయి కంచంలో ఉండగానే కునుకు పడుతుంది. వారంలో చేస్తానన్న ఆ మేస్త్రీని నేను ఏవో వంకలు చెప్పి వాయిదా వేయించాను. నువ్వు రా. ఒకే మట్టం చెయ్యి. నేను రాశానని చెప్పకు, నీకే బుద్ధి పుట్టిందని చెప్పు. నామీద జాలి పడొద్దు. ముప్పై ఏళ్ళు చక్రాలమీద బతికినవాణ్ణి, నాకు అవి కొత్తా?

నీ బావ

మే 15

అమ్మడూ,

మట్టం గురించి మళ్ళీ ఆలోచించాను. నేను పాతకాలపు మనిషిని, పట్టీ అలవాటు. నువ్వు చెప్పిందే నయం. చెక్కకీ టైలుకీ మధ్య పట్టీ బదులు సన్నటి కార్కు ముక్క దిగేస్తే, చెక్క ఉబ్బినప్పుడు అది నలుగుతుంది, ముడుచుకున్నప్పుడు సాగుతుంది. పైన చెయ్యి పెట్టి రాస్తే అతుకు తెలియదు. ఇన్నేళ్ళూ నాకు తట్టకపోవడం సిగ్గుచేటు.

పలకలు ఉంచుదాం. పడగ్గదిలో బండలు ఎత్తి, గొట్టం మరమ్మతు చేయించి, తడి ఆరనిచ్చి, నడవ మట్టందాకా నింపిద్దాం. మూడు వారాలు ఆరాలి. ఎవరేం చెప్పినా ఆ మూడు వారాలు తగ్గేది లేదు. గుమ్మం పాత చట్రం తీసేసి వెడల్పు చేద్దాం. తలుపు లేకపోతే కర్టెను చాలు, అక్కడ మీ ఇద్దరే కదా.

పై ఆదివారం వస్తున్నాను. మీ వదిన కూడా వస్తానంది, వంట ఆమె చూసుకుంటుంది. నువ్వు ఉన్నన్ని సెలవులూ పెట్టకు, రెండు రోజులు పెట్టి పడుకో. ఆ పక్కవీధి మేస్త్రీనే ఉండనీ. నేను పీట వేసుకుని కూర్చుని చెప్తాను, అతను చేస్తాడు. మోకాళ్ళు వంగవు గానీ నోరు వంగుతుంది.

కిందటి ఉత్తరంలో ఏమైనా ఎక్కువతక్కువ రాసి ఉంటే

ఏం లేదు. వచ్చాక మాట్లాడుకుందాం.

అన్న

జులై 19

అన్నయ్యకు,

మీరు వెళ్ళి పన్నెండు రోజులు. వదిన సర్దిపెట్టిన డబ్బాల్లో ఏది ఎక్కడుందో ఇంకా వెతుక్కుంటున్నాను.

టైళ్ళ మధ్య సందులు గట్టిపడ్డాయి. గోళీ పెట్టి చూశాను, పెట్టినచోటే ఉంది. మేస్త్రీ మొన్న వచ్చి, తన సొంత ఇంటికి కూడా మీ అన్నగారినే రమ్మనాలి అన్నాడు. నువ్వు అతన్ని నెలరోజులు తిట్టినా అలా అన్నాడంటే మంచివాడే.

నేల అయిపోయింది. కుర్చీ మాత్రం తేలేకపోయాను. మార్చి నుంచి అది లాండ్రీ వెనక గదిలో దుప్పట్ల చాటున ఉంది. ఆసుపత్రివాళ్ళు పక్కనపెట్టేసిన పాతది, నేనే తుడిచి నూనె వేశాను. రోజూ ఇవాళ తెస్తాననుకునేదాన్ని. తెస్తే చెప్పాలి. వారంపాటు ఖాళీ నేల ఊడ్చాను, తుడిచాను, మళ్ళీ తుడిచాను. ఆయన మంచంమీంచి చూస్తూ ఉన్నారు. ఎనిమిదో రోజున అన్నారు.

"ఆ బండి ఎప్పుడు తెస్తావు?"

ఏ బండి అన్నాను. "ఇరవై ఆరు అంగుళాలది" అన్నారు.

తడిగుడ్డ బకెట్టులో వేసి ఆయన మంచం దగ్గర కూర్చున్నాను. ఆయన అంతా చెప్పారు. తలుపు సరిగా పడని సంగతి, నీకు రాసిన సంగతి. నాలుగు నెలలు ఇద్దరం ఒకే బరువు చెరో మూలా దాచుకున్నాం. ఒకళ్ళకి ఒకళ్ళం సాయం చేస్తున్నామనుకుని. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా నొప్పులు ఒక్కసారి తెలిశాయి, అంతే. దిండు కింద దాచిన నీ మే ఒకటో తారీకు ఉత్తరం తీసి ఇచ్చారు. అసలుది చదివాను. చాలా కోపం వచ్చింది. నేను నీకు రాసింది కూడా తక్కువేం కాదని తర్వాత గుర్తొచ్చింది. చింపెయ్యలేదు, ఉంచాను. నీ కొక్కేలు బిగించానని అబద్ధం రాశాను. స్నానాలగదిలో పట్టుకునే కమ్మీకి వాటిలో నాలుగు మొన్న మేస్త్రీ బిగించి వెళ్ళాడు.

మర్నాడు కుర్చీ తెచ్చాను. ఎక్కించడం ఇద్దరికీ చేతకాలేదు, పక్కింటావిడ పట్టింది. ఒంటిచేత్తో చక్రం తిప్పితే కుర్చీ ఉన్నచోటే గుండ్రంగా తిరిగింది. కుడికాలితో నేలని తంతూ తిన్నగా పోనివ్వాలట, వ్యాయామం అమ్మాయి చూపించింది. రెండు రోజులు గోడలకి గుద్దుకున్నారు. నడవ గోడకి గీతలు పడ్డాయి, నువ్వు తిడతావు.

నిన్న నాకు సెలవు. మధ్యాహ్నం ఆయన మంచంమీద పడుకున్నారు, కుర్చీ పక్కనే ఉంది. నేను ముందుగది తుడుస్తూ, పలకలు చల్లగా ఉన్నాయని కాసేపు నడుం వాల్చాను. ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు. మెలకువ వచ్చేసరికి ఎండ కిటికీ దాటిపోయింది. నామీద దుప్పటి ఉంది. పడగ్గది అలమరలో పై అరలోది కాదు, కింది అరలోది, ఆయనకి అందేది. తలగడ కూడా తెచ్చారు గానీ నా తలకిందికి పెట్టలేక పక్కన పెట్టినట్టున్నారు. ఆయన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని వీధి చూస్తున్నారు.

మంచంమీంచి కుర్చీలోకి తనే జరిగారట, ఎలాగని అడిగితే చెప్పలేదు. గదిలోంచి నడవ, నడవలోంచి ఇక్కడికి, దుప్పటి ఒళ్ళో పెట్టుకుని వచ్చారట. నేను లేచింది చూసి, "ఇంకాసేపు పడుకో" అన్నారు.

పడుకున్నాను, అన్నయ్యా. దీపాలు పెట్టేవేళ దాకా లేవలేదు.

వదిన నీ మోకాళ్ళకి పట్టు వేస్తానంది కదా, వేయించుకో. ఈ ఉత్తరం ఆయన చేతికిస్తే చదవలేదు, అంటించమని నాకే ఇచ్చేశారు.

నీ చెల్లెలు